కిందావిడ గుమ్మం ముందు ముగ్గు

కరోనా వచ్చిన మొదటి వసంతంలో, జర్మనీలో మేముండే హానోవర్‌లో గోధుమపిండి దొరకలేదు. నిజం! జనం ఎగబడి కొనుక్కుపోవడంతో దుకాణాల్లో పిండి అరలన్నీ బోసిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లో మా అత్తయ్య రోజూ పొద్దున్నే, మూడో అంతస్తులో మా గుమ్మం ముందు పిండితో ముగ్గు వేసేవారు. మమ్మల్ని చూట్టానికి వచ్చి, విమానాలు ఆగిపోయి, మా రెండు గదుల ఇంట్లో ఇరుక్కుపోయారావిడ. భాష రాదు, బయటికి వెళ్ళే దారి లేదు. తనదంటూ మిగిలిన పని ఆ ముగ్గొక్కటే.

మా కింది అంతస్తులో ఓ జర్మన్ పెద్దావిడ భర్తతో ఉండేది. మా బిల్డింగులో మెట్లు తుడవడం వారానికొక ఇంటి వంతు. వంతు ఎవరిదైనా ఆవిడ వచ్చి తనిఖీ చేయాల్సిందే. ఓ పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే మాస్కు మీద రెండు కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"రొట్టె చేసుకుందామంటే నాకు పిండి దొరకట్లేదు. మీరు నేలమీద పోస్తున్నారా?"

"అది బియ్యప్పిండండీ," అన్నాను, ఏదో పెద్ద లా పాయింటు తీసినట్టు.

"ఏవిటంటోంది?" అంటూ వెనకనుంచి అత్తయ్య వచ్చారు. "పారబొయ్యట్లేదని చెప్పవే. చీమలు తింటాయి, పుణ్యం!"

నా బుద్ధి గడ్డి తిని, ఆ మాట ఉన్నదున్నట్టు జర్మన్‌లో చెప్పేశాను. మెట్లమీదికి చీమల్ని మేమే పిలుస్తున్నామని తెలిసేసరికి ఆవిడకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, చాలా వచ్చింది. "ఇది జర్మనీ" అన్న ముక్కతో ముగిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెత్త వేరుచేసి ఏ డబ్బాలోది ఆ డబ్బాలో వేస్తాను, ఆదివారం చప్పుడు చేయకూడదంటే మిక్సీ ముట్టను, పన్ను కడతాను. ఇది ఏ దేశమో నాకు చెప్పాలా? అయినా పైకి సారీ చెప్పి తలుపేసుకున్నాను.

ముగ్గు ఆగింది. అత్తయ్య మూతి ముడుచుకున్నారు. "ముగ్గు లేని గుమ్మమేవిటే, ఇంట్లో ఎవరో పోయినట్టు," అని పొద్దస్తమానం సణుగుడే.

ఇంతలో ఒక మధ్యాహ్నం అంబులెన్సు వచ్చి కిందావిడ భర్తను తీసుకుపోయింది. కరోనా. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళడానికి లేదు, గుమ్మం దాటడానికీ లేదు. ఆవిడ ఫోనులో ఏడవడం మా వంటింట్లోకి వినబడింది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున చూస్తే అత్తయ్య ఇంట్లో లేరు. కిందికి పరుగెత్తాను. కిందావిడ గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, మిగిలిన బియ్యప్పిండంతా పెట్టి చుక్కల ముగ్గు వేస్తున్నారు!

"అత్తయ్యా, కొంప ముంచారు కదండీ!"

"ఊరుకోవే. ఆ గుమ్మం అలా బోసిగా ఉంటే నాకు చూడబుద్ధి కావట్లేదు. ఆయన వస్తాడు."

తలుపు తెరుచుకుంది. ఆవిడ ముగ్గును చూసింది, నన్ను చూసింది. నేను దూరం జరిగి గబగబా చెప్పాను: మా దగ్గర మనిషి పోయిన ఇంట్లో ముగ్గు వేయరు, ముగ్గు ఉందంటే ఇంట్లోవాళ్ళు క్షేమమని అర్థం. ఆవిడ తలుపు మూసేసింది. ఇక ఇంటి ఓనరుకు ఫోన్ వెళ్తుందని హడలిపోయాను.

వెళ్ళలేదు. క్వారంటైన్ అయిపోయాక మెట్ల వంతు ఆవిడకే వచ్చింది. మెట్లన్నీ తళతళలాడేలా తుడిచింది. ముగ్గు చుట్టూ తుడిచింది గానీ ముగ్గును ముట్టుకోలేదు. లోపలికీ బయటికీ దాన్ని దాటుకుంటూనే తిరిగింది. అది చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీమలు మాత్రం ఒక్కటీ రాలేదు పాపం.

ఆయన ఓ వానరోజు తిరిగొచ్చాడు. బాగా చిక్కిపోయాడు, చేతిలో సంచి. ముగ్గు ముందుకు వచ్చి ఆగిపోయాడు. భార్య ఫోనులో అంతా చెప్పినట్టుంది, కాలు ముందుకు పడట్లేదు.

పైమెట్టు మీంచి అత్తయ్య కేకేశారు. "తొక్కితే ఏం కాదని చెప్పవే! తొక్కే కాళ్ళు ఇంటికి రావాలనే కదా వేసింది!"

చెప్పాను. ఆయన నవ్వి, తడి బూట్లతో ముగ్గులోంచి నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. అద్దంలా మెరిసే ఆ ఇంటి నేలమీద వరసగా తెల్లటి అడుగులు పడ్డాయి.

"కృష్ణాష్టమికి మనం వేసే పాదాల్లా లేవూ!" అని అత్తయ్య మురిసిపోయారు.

తుడుపుకర్ర తలుపు పక్కనే ఉంది. ఆవిడ దానివైపు కూడా చూడలేదు.