గ్రైండర్‌కి చోటు

మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో నా హాస్టల్ గదిలో, లాప్‌టాప్ ముందు కూర్చుని పాఠం వింటున్నాను. "పోయారే. హాస్పిటల్ వాళ్ళు ఇప్పుడే చెప్పారు," అంది. తర్వాత, "దహనానికి టెర్మిన్, అదే, తారీఖు ఎప్పుడిస్తారో తెలీదట. చాలామంది ఉన్నారట," అంది. స్క్రీన్ మీద ప్రొఫెసర్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. నా మైకు ఆపి ఉందో లేదో చూసుకున్నాను. అప్పుడు నాకు తోచిన పని అదొక్కటే.

ఆయన మా అమ్మకు తమ్ముడు. తెనాలి నుంచి కొలోన్ వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డారు. నేను ఈ దేశంలో దిగిన రోజు స్టేషన్‌కి వచ్చి, నా పెట్టె ఒంటిచేత్తో ఎత్తి చూసి, "ఇవి పచ్చళ్ళు కావు, పుస్తకాలు. పచ్చళ్ళు ఇంత బరువుండవు," అన్నారు. ఎత్తి చూసి బరువు చెప్పడం ఆయన అలవాటు. పుచ్చకాయైనా అంతే, పక్కింటి పసిపాపైనా అంతే. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన మౌనం నాకు అప్పటికే ఒంటికి పట్టేసింది. ఆయనకేమో వినే మనిషి కావాలి. అలా కుదిరింది మా ఇద్దరికీ.

నేను ఆయన దగ్గర విన్నదంతా దాదాపు ఒక పికప్ బండి గురించే. తెనాలిలో టీచరుగా పనిచేసిన అత్తయ్యకు ఇక్కడ ఆ చదువు చెల్లలేదు. వారాంతపు సంతల్లో దోసెలు అమ్మాలని ఆమె కోరిక. పక్కన కిటికీ తెరిచి వడ్డించే పాత ట్రైలర్ ఒకటి కొన్నారు. దాన్ని లాగడానికి బండి కావాలి. అప్పటికి మొదటి లాక్‌డౌన్ వచ్చింది. మావయ్య ఇంట్లోనే ఆఫీసు పని ముగించుకుని, పాత బండ్ల ప్రకటనలు చూస్తూ నాకు ఫోన్ చేసేవారు.

చివరికి రెండు బండ్లు మిగిలాయి. ఒకటి నాలుగు తలుపులది, తోలు సీట్లది. మూడున్నర టన్నులు లాగుతుందని అమ్మేవాడు పదేపదే చెప్పాడట. అత్తయ్యకు అదే నచ్చింది. రెండోది రెండు తలుపుల మోటు బండి.

"లాగడం వేరమ్మలూ, మోయడం వేరు," అన్నారు మావయ్య. "ట్రైలర్‌ని దాని చక్రాలే మోస్తాయి, నిజమే. కానీ దాని మూతి మన కొక్కెం మీద ఆనుతుంది కదా, ఆ బరువు మోయాల్సింది మన బండే. దానికి తోడు నేను, మీ అత్తయ్య, నీళ్ళ డబ్బాలు, గ్యాసు బండలు. ఆ తోలు సీట్ల దాన్లో మనుషులెక్కితేనే అది మోయగల బరువు నిండిపోతుంది, సామానుకి చోటుండదు."

మోటు బండే కొన్నారు. "ఏంటి గురూ, లారీ ఆఫీసు పెట్టావా?" అని ఆఫీసు స్నేహితులు ఏడిపించారట. "పెట్టా. ముందు నిన్నే లోడు చేస్తా, రా," అన్నారట ఈయన. అంత బరువైన ట్రైలర్ లాగాలంటే ఇక్కడ మామూలు లైసెన్సు చాలదు. మాస్కు పెట్టుకుని పరీక్షకు వెళ్ళి, అదీ తెచ్చుకున్నారు.

ఆంక్షలు సడలిన ఆ వేసవిలో నేను కొలోన్ వెళ్ళాను. ఎలా లాగుతుందో చూద్దామని మొదటిసారి నిండు సామానుతో బండి తీశారు. నేను ముందు సీట్ల వెనక ఇరుకులో కూర్చున్నాను. ట్రైలర్ సర్దింది అత్తయ్య. బియ్యం, మినప్పప్పు బస్తాలన్నీ వెనక తలుపు పక్కనే పెట్టింది. మన వంటిళ్ళలో బియ్యం డబ్బా చేతికందేచోట ఉండాలి మరి. ఆటోబాన్ హైవే ఎక్కిన కాసేపటికి ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఆ ఊపుకి మా బండి కూడా అటూ ఇటూ ఈడ్చుకుపోయింది. అత్తయ్య ఆంజనేయస్వామిని పిలిచింది. మావయ్య బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నారు. కొంతసేపటికి ఊపు తగ్గింది.

పార్కింగ్‌లో ఆపి బస్తాలు జరిపారు. "నీ చేతికి అందడం కాదే, ఇరుసు మీద ఉండాలి," అన్నారు.

అక్కణ్ణుంచి ఇసుక, కంకర అమ్మే యార్డుకి వెళ్ళి కాటా మీద తూచాం. ట్రైలర్ బరువు సరిగ్గానే ఉంది. పికప్‌దే ఎక్కువైంది. వెనక తొట్టిలో నీళ్ళు, గ్యాసుతోపాటు తెనాలి నుంచి ఓడలో తెప్పించుకున్న రాతి గ్రైండర్ ఉంది. జనం ముందే పిండి రుబ్బాలని అత్తయ్య పట్టు.

"ఏదో ఒకటి దిగాలి," అన్నారు మావయ్య.

"అయితే మీరు దిగండి. గ్రైండర్ ఎక్కుతుంది."

"నేను దిగితే లాగేదెవరే?"

అప్పట్నుంచి గ్రైండర్ ఇంట్లోనే ఉండిపోయింది. కానీ ఆయన తొట్టిలో, ఇరుసుకి పైన, తెల్ల పెయింటుతో గుండ్రంగా ఒక గీత గీశారు. "దాని చోటు ఇదే. నేను సన్నబడగానే ఎక్కిద్దాం," అని పొట్ట తట్టుకున్నారు. "అయితే అది తుప్పు పట్టాల్సిందే," అంది అత్తయ్య.

శరదృతువులో ఒక సంతలో చోటు దొరికింది. మావయ్య ముందే ట్రైలర్‌ని పికప్‌కి తగిలించి ఉంచారు. ఇంతలో సంతలు మళ్ళీ మూసేశారు. రేపో మాపో తెరుస్తారని విప్పలేదు. చలి ముదిరాక ఆయనకు జ్వరం వచ్చింది.

హాస్పిటల్లోకి ఎవరినీ రానివ్వలేదు. ఫోనే. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగేవారు. నాతో చివరిసారి మాట్లాడినప్పుడు, "అమ్మలూ... బాగా చిక్కిపోయాను. గ్రైండర్‌కి చోటొచ్చిందని... మీ అత్తయ్యతో చెప్పు," అన్నారు. చెప్పాను. అత్తయ్య నవ్వింది. మూలనున్న గ్రైండర్ బయటికి లాగి, రాళ్ళు కడిగి ఆరబెట్టానని మర్నాడు చెప్పింది. ఆ సాయంత్రమే ఆయన్ని వెంటిలేటర్ మీదికి మార్చారు.

దహనానికి కొద్దిమందినే రానిచ్చారు. దూరదూరంగా కుర్చీలు. పెట్టెను మేమెవరం ముట్టుకోలేదు. మాస్కులు పెట్టుకున్న ముక్కూమొహం తెలియని మనుషులు మోసుకెళ్ళారు. ఎంత బరువుందో చేత్తో ఎత్తి చెప్పగల మనిషి ఆ పెట్టెలోనే ఉన్నారు.

అత్తయ్యకున్నది మామూలు లైసెన్సు. పికప్ నడపగలదు, ఆ ట్రైలర్ లాగకూడదు. డ్రైవింగ్ స్కూళ్ళు మూసి ఉన్నాయి. కొన్నాళ్ళు ఎదురుచూసి, "తెరిచినా నావల్ల కాదే. అద్దంలో వెనక అది ఊగుతున్నట్టే కనిపిస్తుంది," అంది. ట్రైలర్‌ని వాఫిళ్ళనే తీపి అట్లు అమ్ముకునే జర్మన్ దంపతులు కొన్నారు.

వాళ్ళు వచ్చిన రోజు నేనున్నాను. వాళ్ళలో భర్త ట్రైలర్ ముందున్న చిన్న చక్రం దించి, హ్యాండిల్ తిప్పుతూ దాని మూతిని కొక్కెం మీంచి పైకి లేపాడు. చలికాలమంతా కిందికి నొక్కుకుని ఉన్న పికప్ వెనకభాగం నెమ్మదిగా పైకి లేచింది. అత్తయ్య దాని మీద చెయ్యి వేసి, అది ఆగేదాకా తీయలేదు.

ట్రైలర్ సందు మలుపు తిరిగాక, "ఒక చెయ్యి వెయ్యవే," అంది. ఇద్దరం గ్రైండర్‌ని మోసుకొచ్చి తొట్టిలోకి ఎక్కించాం. తెల్ల గీత లోపల సరిగ్గా పట్టింది. మావయ్య సామాను కట్టే బెల్టులతోనే అత్తయ్య దాన్ని బిగించి కట్టింది.

"ఇప్పుడు చోటుంది కదా," అంది.

వెనకభాగం కాస్తయినా కిందికి దిగిందేమోనని ఇద్దరం వంగి చూశాం. దిగలేదు.