జర అటుఇటుగా

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో లెక్కల లెక్చరర్ నవనీత రోజూ పెన్ను మూత కొరుకుతూ నోటుబుక్కులో సున్నాలు చుడుతుంది. 'అవును', 'కాదు' మాత్రమే కాక 'కొంచెం' అని కూడా చెప్పగల ఊహాయంత్రం మీద ఆమె పరిశోధన. ఒక్కో సున్నా దాని ఒక్కో స్థితి. అచ్చం ఒకేలా నడిచేవాటిని కలిపేసి సున్నాలు తగ్గించాలి. ఏడాదైనా పన్నెండు సున్నాల్లో ఒక్కటీ తగ్గలేదు. ఇవాళ పక్కసీటులో కూర్చున్న కూరగాయల రుక్కమ్మ "ఏంది బిడ్డా గీ సున్నాలు?" అంటే, విడమరిచి చెప్పింది.

"అచ్చం ఒక్కతీరు యాడుంటయి? ఏదడిగినా మా ఆయన, మా బావ ఇద్దరూ 'సూద్దాం' అనే అంటరు. ఒకాయన జర నవ్వి అంటడు, గంతే. ఇద్దరి లెక్కా ఒక్కటే."

మూత నోట్లోంచి జారిపడింది. నవనీత నోటుబుక్కులో రాసుకున్న నియమంలో 'అచ్చం' కొట్టేసి 'జర అటుఇటుగా' అని రాసింది. కోదాడ వచ్చేసరికి సున్నాలు ఐదయ్యాయి. దిగబోతూ "రేపు గూడ ఇదే బస్సుకొస్తవా అవ్వా?" అని ఆశగా అడిగింది.

"సూద్దాం," అంది రుక్కమ్మ, జర నవ్వి.