తలుపులో పట్టని బల్ల

మా బావ పోయాడన్న వార్త నాకు రేడియోలో రాలేదు, ఫోన్లో వచ్చింది. పొద్దున్నే దుమ్ముగూడెం నుంచి అక్క చేసింది. "తమ్ముడూ, మీ బావ లేస్తలేడురా," అంది. నేను సారపాక నుంచి గోదావరి వంతెన దాటి వెళ్లేసరికి అంతా అయిపోయింది. నిద్రలోనే పోయాడు. మంచం పట్టలేదు, దవాఖానా చూడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఏడుస్తూనే, ఇందులో కూడా నన్ను మించిపోయాడే అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది కానీ అనుకున్న మాట నిజం.

మా బావంటే నాకు కుళ్లు. ఆ సంగతి ముందే చెప్పకపోతే తక్కిందంతా అబద్ధంలా ఉంటుంది. ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని, లైసెన్సు తీసుకుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడుకునే హామ్ రేడియో పిచ్చి ఆయనకు అంటించింది నేనే. పరీక్షకు పుస్తకం ఇచ్చిందీ నేనే. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషికి స్తంభాలూ తీగలూ కొత్త కాదు కదా, రెండేళ్లు తిరక్కుండానే నన్ను దాటిపోయాడు. రేడియోలో పొద్దుటి పలకరింపుల్లో అందరూ ఆయన్నే అడిగేవారు. నేను "దుమ్ముగూడెం అన్న బామ్మర్ది"ని అయిపోయాను.

అన్నిటికన్నా ఆయన చేయి చూస్తే నాకు మండేది. మోర్స్ అంటే చిన్న కీ మీద టిక్కు టిక్కుమని కొట్టే భాష. చేతిరాత లాగే అది ఒక్కొక్కరిది ఒక్కో తీరు. రోజూ వినేవాళ్లు పేరు చెప్పకముందే మనిషిని పోల్చుకుంటారు. బావ కొడుతుంటే వాన వెలిసాక చూరు నుంచి చినుకులు పడుతున్నట్టు ఉండేది. నాది గతుకుల రోడ్డు మీద ఆటో.

దానికంతా కారణం ఆయన బల్ల అని నేను తేల్చుకున్నాను.

నాది ఖమ్మంలో షాపుకెళ్లి కొన్న కంప్యూటర్ టేబుల్. పైకి అద్దంలా మెరుస్తుంది, లోపలంతా రంపపు పొట్టు. మొదటి వానాకాలానికే అంచులు ఉబ్బాయి. సెట్టుకు కరెంటిచ్చే పెట్టె బరువుకు నడుం వంగింది. నేను కీ కొడితే టేబుల్ మీద ఉన్నవన్నీ నాతోపాటు కొట్టుకునేవి.

బావ షాపు గడప తొక్కలేదు. భద్రాచలంలో ఎవరిదో పాత ఇల్లు కూలగొడుతుంటే, వీధి తలుపు రెక్కలు రెండూ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. వాటిని పక్కపక్కన పరిచి, అడుగున బద్దలు కొట్టి, నాలుగు లావుపాటి కాళ్లు బిగించాడు. గడియ ఊడదీసిన బొక్కలోంచి తీగలన్నీ కిందికి దించాడు. గోడకు ఆనించకుండా మనిషి దూరేంత సందు వదిలాడు. జాగా దండగ కదా అంటే, "తీగలన్నీ ఎనక ఉంటయ్. తెగిననాడు ఎనకకు పోవద్దా?" అన్నాడు. నా టేబుల్ గోడకు అతుక్కుని ఉంటుంది. తీగ ఊడినప్పుడల్లా నేను దాని కింద బోర్లా పడుకోవాలి.

ఆయన ఒకటే తప్పు చేశాడు. ఆ బల్లను గదిలోనే చేశాడు. అంతా అయ్యాక చూస్తే అది అడ్డంగానూ రాదు, నిలువుగానూ రాదు, ఏటవాలుగా తిప్పినా గుమ్మం దాటదు. ఆ రోజు నేను పడిన సంతోషం ఇంతా అంతా కాదు. కనబడ్డ చుట్టానికల్లా చెప్పాను. "తలుపుతోని బల్ల చేసిండు, అది తలుపుల పడ్తలేదు!" బావ కూడా నవ్వాడు. "ఇది ఏడికి పోవాలె బామ్మర్ది? మనుషులే దీని కాడికి వస్తరు తియ్."

నిజంగానే వచ్చారు. గోదావరి బాగా పొంగిన ఏడాది, రోడ్లు మునిగి, ఫోన్లు మూగబోయినప్పుడు, ఆఫీసర్లు ఆ బల్ల ముందు స్టూళ్లేసుకుని కూర్చున్నారు. ఏ గూడేనికి పడవ కావాలో, ఎవరికి మందులు అందాలో బావ చెబుతుంటే ఇవతలి ఒడ్డున రాసుకుని అందించింది నేను. పేపర్లో మాత్రం ఆయన ఫొటో, బల్ల ఫొటో పడ్డాయి. ఆయన ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించి, కింద పెన్నుతో "అవతలి ఒడ్డున మా బామ్మర్ది" అని రాశాడు. గొప్పలు పోయి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఒకసారి నా చేయి పట్టుకుని ఆ చెక్క మీద ఆనించాడు. "మోచెయ్యి కాడికెళ్లి మణికట్టు దాక గిట్ల పండుకోవాలె. గాలిల ఉంటే అది కొట్టుడు గాదు, వణుకుడు."

"ఈ బల్ల నాకియ్యి బావా, నేను గూడ నీలెక్కనే కొడ్త," అన్నాను.

"తలుపుల పడితే తీస్కపో."

అప్పటి నుంచి ఎప్పుడు వెళ్లినా నేను అడగడం, ఆయన ఆ మాటే అనడం.

పదకొండో రోజు అయ్యాక అక్కను అడిగాను. "తీస్కపోరా. నీకే ఇస్తనన్నడు గదా," అంది. మర్నాడే వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్లాను. అతను టేపు పెట్టి కొలిచి, "కోసుడే సార్, నడిమికి. లేకుంటే గుమ్మం పీకాలె," అని రంపం తీశాడు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోసే ముందు ఒక్కసారి ఇలాగే వాడి చూద్దామనిపించింది. అతన్ని ఆగమని, సెట్టు ఆన్ చేసి కుర్చీలో కూర్చున్నాను. బావ మోచేతులు ఆనిన రెండు చోట్లా చెక్క నునుపెక్కి మెరుస్తోంది. కీ బల్లకే మరలతో బిగించి ఉంది. ఆయనవి పొడుగు చేతులు. ఆ నునుపు మీద నా మోచేయి ఆనిస్తే వేళ్లు కీ దాకా రాలేదు. ముందుకు జరిగి, ముంజేయంతా చెక్క మీద పడుకోబెట్టి, ఆయన చెప్పినట్టే పెట్టి, రేడియోలో నా పేరులాంటి కాల్‌సైన్ కొట్టాను. బల్ల ఈషణ్మాత్రం కదల్లేదు.

కర్నూలు పెద్దాయన, రోజూ పలకరించేవాడే, వెంటనే మోర్స్‌లోనే జవాబిచ్చాడు. "సారపాకా? సగం కొట్టగానే పోల్చుకున్నా. ఆ చేయి ఇంకెవరిది!"

ఇన్నేళ్లూ బల్లను ఆడిపోసుకున్నాను. పాపం, దానిదేమీ లేదు. నా కుళ్లు ఎక్కడికీ పోలేదు, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా ఉంది. దాన్ని చూసి నవ్వి "బామ్మర్ది" అనే మనిషి లేడు, అదే బాధ.

వడ్రంగిని కూలిచ్చి పంపేశాను. అతను రంపంతో వెళ్లిపోయిన చప్పుడు వినే కాబోలు, అక్క చాయ్ తెచ్చింది. తెచ్చి, ఆలోచించకుండానే బల్లకు ఎడమ చివర పెట్టింది. అక్కడ చెక్క మీద కప్పు అడుగు మరక గుండ్రంగా, నల్లగా దిగిపోయి ఉంది. కుడిచేయి కీ మీద నుంచి తీయకుండానే బావ ఎడమ చేత్తో అందుకునేవాడు.

నేను చేయి చాపాను. అందలేదు. ఇటు జరపమని అక్కను అడగబుద్ధి కాలేదు. చాయ్ ఆ మరక మీదే చల్లారింది.