నలభై దాటని బండి

కొత్త బండి తాళాలిస్తూ, "మొదటి సర్వీసింగ్ దాకా నలభై దాటించకండి సార్" అన్నాడు మెకానిక్. బందరు నుంచి గుడివాడ రోడ్డెక్కేసరికి సైలెన్సర్ వేడెక్కి కొత్త పెయింటు కాలిన వాసన వచ్చింది.

నా రెండో తరగతిలో నాన్న బండి కొన్నప్పుడూ ఇదే వాసన. ఆ వారంలోనే పక్కింటికి ఫోనొచ్చింది. నాన్న వెళ్లి మాట్లాడి వచ్చి, "గుడివాడలో మీ అమ్మకి బాగోలేదంట, బయల్దేరు" అన్నాడు అమ్మతో. బండికున్న పూలదండ తీసి అరుగు మీద పెట్టాడు. గాలికి ఎగిరిపోతుందని కాబోలు అనుకున్నాను.

నేను ట్యాంకు మీద, అమ్మ వెనక. పెడన దాటినా ముల్లు నలభై దగ్గరే ఉంది.

"కాస్త తొందరగా పోనివ్వండి" అంది అమ్మ.

"కొత్త ఇంజను. గట్టిగా తోలితే పట్టేస్తుంది."

"ఈసారి మా అమ్మని మనింటికి తీసుకొచ్చేసుకుందామండీ."

"అలాగేలే."

మంచం ఏ గదిలో వెయ్యాలో, వంటలో కారం ఎంత తగ్గించాలో, గుడ్లవల్లేరు దాకా అమ్మ చెబుతూనే ఉంది.

వెళ్లేసరికి అమ్మమ్మ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బండి ఆగకముందే అమ్మ దిగి పరుగెత్తింది. బండి వల్లే ఆలస్యమైందని, చాలా రోజులు నేను దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు అదే రోడ్డు మీద బస్సులు హారన్ కొట్టి నన్ను దాటిపోతున్నాయి. ఏమీ అనిపించడం లేదు. ఆ దండ ఒక్కటే గుర్తొస్తోంది. చావింటికి పూలదండ వేసిన బండి మీద ఎవరూ వెళ్లరు. బయల్దేరేటప్పటికే నాన్నకి తెలుసు.

నలభైలో వెళ్లినంతసేపూ అమ్మకి వాళ్లమ్మ ఉంది.