ఐదూ పన్నెండుకు చూసిన వంజరం ధర

ఆ రోజు ఉదయం ఐదూ పన్నెండుకు మంగినపూడిలో ఒకావిడ ఫోన్ తెరిచి వంజరం చేప ధర చూశారు. మూసి, మళ్ళీ చూశారు. అలా నాలుగుసార్లు. పదింటికి మచిలీపట్నంలోని మా ఆఫీసులో కూర్చుని, ఆమె వేలు తెర మీద ఎక్కడెక్కడ ఆగిందో అంతా నేను చూశాను.

చేపల ధరలు చెప్పే చిన్న యాప్ మాది. నేనూ, గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చే స్నేహితుడూ కలిసి చేశాం. వాడేవాళ్ళు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో తెలుసుకోవడానికి ఒక టూల్ ఎంచుకోవాలి. వెతగ్గా రెండు మిగిలాయి. ఒకటి ఏ ఊళ్ళో ఎంతమంది ఏ పేజీ చూశారో లెక్క మాత్రం చెబుతుంది. రెండోది ఒక్కొక్కరూ యాప్‌లో చేసినదంతా వీడియోలా చూపిస్తుంది. పరీక్షకని రెండోదాన్ని ఎవరికీ చెప్పకుండా పెట్టాం.

"బావా, ఈవిడ వంజరం ధర చూస్తోందా, దానికి పెళ్ళిచూపులు చూస్తోందా?" అన్నాడు స్నేహితుడు.

నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. ధరల పేజీ గందరగోళంగా ఉందనడానికి రుజువుగా, మాకు పెట్టుబడి పెడతామన్నవాళ్ళకి ఆ వీడియో వేసి చూపించాను. వాళ్ళూ నవ్వారు. రెండో టూలే ఖాయం చేసుకున్నాం.

పేజీ మార్చి, ఆవిడ నంబరు పట్టుకుని మంగినపూడి వెళ్ళాను. అరుగు మీద ఆవిడ చుట్టూ చేపలమ్మే ఆడవాళ్ళు గంపలతో కూర్చుని ఉన్నారు.

"ఇక మీరు వంజరం ధర నాలుగుసార్లు తెరిచి చూడక్కర్లేదండీ," అన్నాను గొప్పగా.

"నాలుగుసార్లని నీకెట్టా తెలుసు బాబూ?"

యాప్‌లో మీరు చేసేదంతా మాకు వీడియోలా కనిపిస్తుందని చెప్పాను.

"వీళ్ళకి చదువు రాదు," అన్నారావిడ. "ఒకళ్ళకి చూసిందే ఇంకోళ్ళకి చెప్తే నమ్మరు. తూకం ఎవరిది వాళ్ళ కళ్ళ ముందే వెయ్యాలి గదా. ధరా అంతే. ఎవరికి వాళ్ళకి మళ్ళీ తెరిచి చూపిస్తాను."

"నయం వదినా, ఫోను దొడ్లోకి పట్టుకెళ్ళలేదు నువ్వు!" అంది పక్కింటావిడ. అందరూ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. "అంటే మేం ధర చూస్తా ఉంటే, నువ్వు మమ్మల్ని చూస్తా ఉన్నావన్నమాట," అని ఫోన్ కొంగులో చుట్టి బొడ్లో దోపుకున్నారు.

తప్పయిపోయింది, తీసేస్తానన్నాను. తీసేశాను. వీడియోలు చెరిపేసి, మొదటి టూల్ పెట్టుకున్నాం. అది మనుషుల్ని చూపించదు. మంగినపూడి దగ్గర సున్నా అని మాత్రం చూపించింది. ఆ సున్నాను రోజూ చూశాను. ఆవిడను చూసి పదిమంది నవ్వారని, అందులో మొదటివాళ్ళలో నేనూ ఒకణ్ణని వెళ్ళి చెప్పాలనుకుంటూనే ఉండిపోయాను.

నిరుడు వానాకాలంలో ఆవిడ పోయారు. పెద్దకర్మకు వెళ్ళాను. పక్కింటావిడ గుర్తుపట్టి కుర్చీ వేసింది. ఇప్పుడు మీకు ధర ఎలా తెలుస్తోందని అడిగాను.

"షావుకారు చెప్పిందే ధర," అంది.

ఆ అరుగు మీద పొద్దున్నే ఎవరి ధర వాళ్ళకి చూపించడం ఇప్పుడు లేదు.