రెండో హెల్మెట్

జనగామ దగ్గర మా ఊరి క్రికెట్ జట్టు నిరుడు తొలిసారి లెదర్ బంతితో ఆడింది. ఉన్నది ఒకటే హెల్మెట్. బ్యాటింగ్ చేసేవాడు పెట్టుకోవాలి, పరుగు తీశాక రెండోవాడికి ఇవ్వాలి. దళితవాడ నుంచి వచ్చిన ప్రభాకర్ పరుగు తీసి, దాన్ని సురేశ్‌కు అందించాడు.

"నాకద్దు! దాన్నిండ ఆని చెమటనే," అన్నాడు సురేశ్.

అంపైర్‌గా ఉన్న నేను, "అడ్డమొచ్చేది చెమటనా, కులమా?" అని గద్దించాను.

"జర ఊకో అన్నా, గెలిచినంక కొట్లాడుదువు!" అని సురేశ్ నా నోరు మూయించాడు.

ఒట్టి తలతో నిలబడ్డాడు. తర్వాతి బంతికే దవడ విరిగింది.

దవాఖాన నుంచి వచ్చి, తానే పట్టుబట్టి రెండో హెల్మెట్ కొనిపించాడు. పాతది ప్రభాకర్‌కు వదిలేశారు. ఒకరి చెమట ఒకరికి అడ్డేమీ కాదన్నట్టు మిగతావాళ్లంతా కొత్తదాన్నే ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుంటున్నారు.

దెబ్బ తగిలితేనైనా ఆలోచన వస్తుందనుకున్నాను. వచ్చింది హెల్మెట్ మాత్రమే.