నాలుగు తీగల గిటారు

మా చిన్నప్పుడు... గిరావీన్‌లో మా ఫ్లాట్ హాల్లో, శనివారం సాయంత్రాలు, నేను బాసింపట్టు వేసుకుని ఒళ్ళో గిటారు నిలబెట్టుకుని కూర్చునేదాన్ని. పక్కన అమ్మ కళ్ళు మూసుకుని పాడేది. నా పని తీగలు మీటడం... అంతే. ఒకదాని తర్వాత ఒకటి, నెమ్మదిగా, మళ్ళీ మొదటి నుంచి.

బయట పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్న చప్పుడు వినబడితే నా వేళ్ళకి వేగం వచ్చేసేది. అమ్మ కళ్ళు తెరవకుండానే "తొందరపడకు" అనేది.

ఇంటికొచ్చిన అంకుల్స్ గిటారు చూసి "ఏదీ తల్లీ, ఒక పాట వాయించు" అనేవారు. నేను మహా గంభీరంగా ప... స... స... కింది స... మీటి, దణ్ణం పెట్టేదాన్ని. పాపం, మొహమాటానికి చప్పట్లు కొట్టేవారు.

ఆ గిటారుకి బిరడలు పన్నెండు. తీగలు మాత్రం నాలుగే.

కౌన్సిల్ లారీ పాత సామాను ఎత్తుకెళ్ళే వారం వస్తే మా వీధంతా సోఫాలు, పరుపులు, టీవీలు బయటికొచ్చేవి. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు. నాన్న వెస్ట్‌మీడ్‌లో ల్యాబ్ డ్యూటీ ముగించుకుని, స్టేషన్ నుంచి నడిచి వస్తూ, ఒక్క తీగ కూడా లేని ఆ గిటారుని చంకలో పెట్టుకుని వచ్చారు.

"రోడ్డు మీద పారేసింది ఇంట్లోకి తెస్తారేంటండీ? తెలిసినవాళ్ళు చూస్తే?" అంది అమ్మ.

"చూస్తే ఏముందే? వాళ్ళూ ఏ సోఫా కోసమో వచ్చుంటారు" అన్నారు నాన్న.

అమ్మ తంబురా రాజమండ్రిలో పిన్ని దగ్గర ఉండిపోయింది. విమానంలో తేవడం కుదరలేదు. ఈ దేశం వచ్చాక నాన్న కరెంటు శ్రుతిపెట్టె కొనిచ్చారు గానీ, "చెవిలో తేనెటీగ దూరినట్టుంది" అని అమ్మ దాన్ని బీరువా మీదకెక్కించేసింది. తర్వాత పాడటం మానేసింది. కూరలు తరిగేటప్పుడు తీసే కూనిరాగం కూడా పోయింది. నాన్న అది గమనించారు.

గిటారు షాపాయన చూసి, తీగలు కట్టే బ్రిడ్జి అప్పటికే లేచిపోతోందనీ, పన్నెండు తీగలు బిగిస్తే ఊడి చేతికొస్తుందనీ, గోడకి తగిలించుకోమనీ చెప్పాడు. నాన్న నాతో తెలుగులో "పన్నెండు ఎవరిక్కావాలి? మీ అమ్మకి నాలుగు చాలు" అన్నారు.

బ్రిడ్జికి జిగురు పూసి, తన లావుపాటి చదువు పుస్తకాలన్నీ దాని మీద బరువు పెట్టారు. ఆరాక నాలుగు తీగలు ఎడంగా వేశారు. అమ్మ కుట్టుపెట్టెలోంచి నూలు దారం తీసి, తంబురాకి పెట్టినట్టే తీగ తీగకీ అడుగున ముక్క దూర్చి, ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నారు... ఒక్కసారిగా తీగ జుమ్మంది. అచ్చం తంబురా అని చెప్పను గానీ, దాని దూరపు చుట్టం.

అమ్మ తడిచేతులు పమిటకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "శ్రుతి ఇంకొంచెం పైకి పెట్టండి" అంది. పెట్టారు. గోడకి ఆనుకుని నిలబడే పాడటం మొదలుపెట్టింది. ఆ రోజు నాన్న ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

నాన్న పోయాక అమ్మ బ్రిస్బేన్‌లో నా దగ్గరికి వచ్చేసింది. గిటారూ వచ్చింది, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా గరాజ్‌లో తుప్పు తీగలతో. పాడమ్మా అని ఎన్నిసార్లు అడిగినా "గొంతు పోయిందే" అనేది. నాన్నతో పాటు పాట కూడా వెళ్ళిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న యూనివర్సిటీ సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఆ ఖాళీ బిరడలు చూసి జాలిపడిపోయింది. అమ్మమ్మకి సర్‌ప్రైజ్ అని కొత్త సెట్ కొని మొత్తం పన్నెండూ బిగించింది. ఇల్లంతా నిండిన మోత... బాగానే ఉంది, కాదనను.

అమ్మ వచ్చింది గానీ మోత పట్టించుకోలేదు. బ్రిడ్జి అంచు కింద గోరు పెట్టి చూసింది. "లేస్తోందే" అని సోఫాలో కూర్చుని, ఒక్కో తీగా వదులు చేయడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, బట్ ఇట్స్ అ ట్వెల్వ్ స్ట్రింగ్..."

"తాతగారు నాలుగే వేశారమ్మా."

మిగిలినవన్నీ తీసేసి, నన్ను దారం తెమ్మంది. నేను పాత శ్రుతికి బిగించి మీటాను. అమ్మ నోరు తెరిచింది... గొంతు అందలేదు, మధ్యలో చీలిపోయింది. తల దించుకుంది.

కాసేపటికి, "కాస్త దించవే" అంది. దించాను. "ఇంకాస్త." దించాను. నాన్న పెట్టినదానికన్నా చాలా కిందికి వచ్చాక, అక్కడ... అక్కడ అమ్మ గొంతు నిలబడింది. పాడింది.

మా అమ్మాయి పక్కన చేరి "కెన్ ఐ?" అంటే గిటారు తన ఒళ్ళో పెట్టాను. నాలుగు చుట్లు తిరిగేసరికి దాని వేళ్ళకీ వేగం వచ్చేసింది.

అమ్మ కళ్ళు తెరవలేదు. "తొందరపడకు" అంది.

ఇప్పుడు ఏ శ్రుతి కావాలన్నా ఫోనులో వేలితో తాకితే చాలు. అమ్మ ముఖం చూస్తూ దారం ముక్క జరిపే మనిషే లేరు... ఆ సాయంత్రం ఆయన ఉండి ఉంటే బాగుండేది.

మీ ఇంట్లో ఎవరి పాట ఆగిపోకుండా ఎవరు ఏ తంటాలు పడ్డారు? చెప్పండి... అమ్మకి చదివి వినిపిస్తాను.